పెరట్లో కట్ట మలుపు

ఈ సంగతి అప్పుడే రాసి ఉండాల్సింది. కాని అప్పటికి నాకు అక్షరాలు రావు. బస్సు బోర్డు మీద వనపర్తి అని ఉంటే, తెలిసిన మనిషి ముఖాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేదాన్ని, అంతే. చదవడం తెలియదు. నాకు నలభై ఏడేళ్లు వచ్చాక మా అమ్మాయి పలక కొనిచ్చి నన్ను కూర్చోబెట్టింది. అక్షరాలు వచ్చాక కూడా మూడేళ్లు దీని జోలికి పోలేదు. ఇది నా ఒక్కదాని సంగతి కాదు, మా ఆయనది. అడగకుండా రాయబుద్ధి కాలేదు. మొన్న అడిగాను. పల్లికాయలు వలుస్తున్నవాడు చేతులాపి చాట పక్కకు జరిపాడు.

"రాయి. కని పేరు పెట్టకు. నాదే గాదు, ఎవలిదీ పెట్టకు," అన్నాడు.

కాబట్టి ఇందులో పేర్లు లేవు.

ఆయన ఆటో నడిపేవాడు. వనపర్తి బస్టాండు నుంచి పెద్దమందడి దిక్కు ఊళ్లకు మనుషులను తీసుకుపోవడం, తీసుకురావడం. పదేళ్లలో ఎవరికీ చిన్న దెబ్బ తగలలేదు. ఒక ఏడు వానాకాలం చివర, సంత రోజున, జనాన్ని ఊళ్లకు తిరిగి తీసుకుపోతుంటే, చెరువు కట్ట దిగే మలుపు దగ్గర ఆటో పక్కకు పడిపోయింది. అందరూ బతికారు. మోకాళ్లు చెక్కుకుపోయినవాళ్లూ, టమాటాలు రోడ్డుపాలైనవాళ్లూ తిట్టుకుంటూ లేచారు. ఒక అవ్వకు మాత్రం కుడిచేయి మణికట్టు దగ్గర విరిగింది. ఆయనే ఆమెను ఎత్తుకుని ఇంకో బండిలో దవాఖానకు తీసుకుపోయి, కట్టు కట్టించి, ఊళ్లో ఇంటి దగ్గర దించి వచ్చాడు. మర్నాడు ఆటోను నలుగురితో నెట్టించుకుంటూ తెచ్చి మా పెరట్లో పెట్టాడు. మీద టార్పాలిన్ కప్పి తాడుతో బిగించి కట్టాడు.

అద్దం పగిలింది, ఒక పక్క రేకు సొట్టపోయింది. అద్దం వేయించాడు, రేకు కొట్టించాడు. ఆరోజు మెకానిక్ పెరట్లోనే ఇంజను స్టార్టు చేసి చూపించాడు కూడా. బండి బాగుంది. అయినా ఆరు నెలలు ఆయన దాని హ్యాండిల్ పట్టుకోలేదు. మార్కెట్ యార్డులో పల్లికాయ బస్తాలు మోయడానికి పోయేవాడు. నడిచే పోయేవాడు. తోటి డ్రైవర్లు పక్కన ఆపి ఎక్కమంటే "నడుస్త తీ" అనేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి పెరట్లో మంచం వాల్చుకుంటే, ఆటోకు వీపు పెట్టి కూర్చునేవాడు.

బస్తాల పని ఆయనకు కష్టమని కాదు నా బాధ. ఆ మనిషికి బండి నడపడమంటే ప్రాణం. ఇంజను చప్పుడు వినే, ఏ బండి ఎవరిదో చెప్పేవాడు. అట్లాంటివాడు రోడ్డు మీద హారన్ వినబడితే తల దించుకుంటున్నాడు. ఇక ఎన్నటికీ నడపడేమో, ఇట్లాగే తల దించుకుని ముసలివాడైపోతాడేమో అని నా భయం. చెప్పి చూశాను. మా అన్నదమ్ములతో చెప్పించాను. "రేపు జూద్దాం" అనేవాడు. నేను కూడా ఆ టార్పాలిన్ ఎత్తి చూడలేదు. ఆ తాడు మీద బట్టలు ఆరేసుకునేదాన్ని.

ఎండాకాలం మొదట్లో మా తమ్ముడు సౌదీ నుంచి సెలవు మీద వచ్చాడు. అప్పుడు ఆరో తరగతిలో ఉన్న మా అమ్మాయికి ఒక రిమోట్ కారు తెచ్చాడు. ఎర్రది, మూరెడు పొడుగు, లావు రబ్బరు చక్రాలు. రిమోట్‌కు పైకి గుంజే పొడుగాటి ఏరియల్ తీగ. నాలుగు గంటలు చార్జింగ్ పెడితే పావుగంట నడిచేది. కరెంటు సక్కగా ఉండని రోజులు, కాబట్టి ఆ పావుగంట చాలా విలువైనది.

"బావా, జర నువ్వు తోలి సూపియ్యు పిల్లకు," అని తమ్ముడు రిమోట్ చాపాడు.

"పిల్లది గదా. పిల్ల ఆడుకుంటది," అని మా ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

మా అమ్మాయి దాన్ని వీధిలోకి తీసుకుపోయింది. మా వీధి అంతా కంకరే. కారు రాళ్ల మధ్య ఇరుక్కోవడం, కుక్క వెంటపడటం, మోరీలో పడటం. మూడోరోజు నల్లటి నీళ్లు కారుతున్న కారును చంకలో పెట్టుకుని వచ్చింది.

"అమ్మా, రోడ్డు ఖరాబున్నది. పెరట్ల మనమే ఒకటి చేసుకుందాం."

"ఏంది చేసుకునేది?"

"రోడ్డు."

నాకు నవ్వొచ్చింది. కాని మట్టి పని అంటే నాకు వెనకడుగు లేదు. మా నాయిన మట్టిగోడలు పెట్టేవాడు, మిద్దెలు కప్పేవాడు. ఊరు ఊరంతా ఆయన పెట్టిన గోడలే. ఎనిమిదేళ్ల వయసు నుంచి నేను మట్టి తొక్కాను. అక్షరం రాకపోయినా, పిడికెడు మన్ను చేతికిస్తే అది గోడకు పనికొస్తుందో, నేలకు పనికొస్తుందో చెప్పగలను.

మునగచెట్టు చుట్టూ తిరిగి, బట్టలుతికే బండ పక్కనుంచి పోయి, ఆటో ముందునుంచి వచ్చి మళ్లీ చెట్టు దగ్గర కలిసేటట్టు కట్టెపుల్లతో గీత గీసింది అమ్మాయి. నేను పారతో చెక్కి, రాళ్లేరి, ఎర్రమన్ను పోసి, దిమ్మిసతో కొట్టాను. రెండు మూరల వెడల్పు. అంచుకు ఇటుక ముక్కలు పేర్చాం. నాలుగు రోజులు పట్టింది. ఆయన మంచం మీద కూర్చుని ఉండేవాడు. వీపు ఇటే.

అయిపోయాక చూసుకుంటే నాకు ఏదో వెలితిగా అనిపించింది. కొత్తగా వేసిన నేలను అలకకుండా వదిలేయడం మా ఇంటావంటా లేదు. బర్రె ఉన్న ఇంటికి పోయి పెండ తెచ్చి, చిక్కగా కలిపి, అంత పొడుగు బాటనూ అరచేత్తో అలికాను. ఆరనిచ్చి మళ్లీ ఒక పూత. అద్దంలాగా వచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. శుక్రవారం కదా అని రెండు అంచుల పొడుగునా ముగ్గు కూడా వేశాను.

కారు పెట్టగానే అది సబ్బు మీద కాలు వేసినట్టు జారింది. ఎటు తిప్పినా తిరగదు, చక్రాలు మాత్రం గిర్రున తిరుగుతున్నాయి. మునగచెట్టుకు గుద్దుకుని, ముగ్గులో పొర్లి, గుర్రుమని ఆగిపోయింది. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. దాన్ని తీసుకుని మా వీధి చివర రేడియోలు, టీవీలు బాగుచేసే భాయ్ దగ్గరికి పోయాం. బాగుచేసి, భాయే దాన్ని మా ఇంటికి తెచ్చి ఇచ్చాడు, ఇదెక్కడి వింతో తన కళ్లతో చూడాలని. పెరట్లోకి వచ్చి, బాటను చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"అక్కా, ఇంజన్ ఇప్పితే లోపల పావుసేరు ముగ్గున్నది. చక్రానికి పెండ చుట్టుకున్నది. ఇది కారా, పెండ్లిపీటనా?"

"నేల అలకొద్దంటవా భాయ్?"

"అలుకు. మంచిగ అలుకు. ఓ పసుపుబొట్టు కూడ పెట్టు. పెండ్లికొడుకొచ్చి కూసుంటడు, కారు మాత్రం నడవదు."

మంచం మీది నుంచి ఒక చప్పుడు వచ్చింది. దగ్గు అనుకున్నాను. తిరిగి చూస్తే మా ఆయన నవ్వుతున్నాడు. ఆరు నెలల తరువాత ఆ నవ్వు. పండ్లు కనబడేటట్టు, భుజాలు ఊగేటట్టు నవ్వి, కండ్లు తుడుచుకుని, ఇటు తిరిగి కూర్చున్నాడు.

"జారుడొక్కటే అనుకుంటున్నవా? ఆ మలుపేంది గట్ల కొట్టినవ్?" అన్నాడు.

"ఎట్ల కొట్టిన?"

"సమంగ కొట్టినవ్. బండి మలిగేటప్పుడు బయటికి గుంజుతది. బయటి దిక్కు జర ఎత్తుండాలె, లోపలికి పల్లముండాలె. అప్పుడు బండిని రోడ్డే పట్టుకుంటది."

"నాకేం తెలుసు? నేను గోడలోళ్ల బిడ్డను. తెలిసినోళ్లు లేసి చెయ్యొచ్చు గదా," అన్నాను.

లేస్తాడనుకోలేదు. లేచి, లుంగీ ఎగ్గట్టి, పార అందుకున్నాడు.

తరువాత పది రోజులు మా పెరట్లో రోడ్డు పని నడిచింది. యార్డు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే మొదలుపెట్టేవాడు. నేను అలికినదంతా చెక్కేశాం. ఉట్టి ఎర్రమన్ను మీద కారు బాగానే పరిగెత్తింది కాని, లేచిన దుమ్మంతా ఇంజనులోకి పోయి మళ్లీ భాయ్ దగ్గరికి పోవాల్సి వచ్చింది. నీళ్లు చల్లితే బురద, ఆరితే నెర్రెలు. అప్పుడు నాకు మా నాయిన కప్పిన మిద్దెలు గుర్తొచ్చాయి. మా దిక్కు మట్టి మిద్దెల మీద వానలకు ముందు చౌడు మన్ను పోస్తారు. పొలాల్లో పంట పండని చోట తెల్లగా ఉప్పు పూసినట్టు ఉంటుందే, ఆ మన్ను. అది తేమను పట్టి ఉంచుతుంది, దుమ్ము లేవదు, నీళ్లను కిందికి దిగనియ్యదు. కాలువ పక్క బీడులోంచి నాలుగు తట్టలు తెచ్చి, ఎర్రమన్నులో కలిపి, ఊక వేసి, తొక్కి, పరిచి దిమ్మిసతో కొట్టాను. పూర్తిగా ఆరకముందే ఈతచీపురుతో అడ్డంగా ఊడ్చాను. సన్నటి గీతలు పడ్డాయి. ఆ గీతలను చక్రం పట్టుకుంది.

కారు వదిలితే జారలేదు, దుమ్ము లేవలేదు.

"గిదేం మన్ను?" అన్నాడు మా ఆయన, కూర్చుని చేత్తో తడిమి చూస్తూ.

"మా నాయిన మన్ను," అన్నాను. ఆ రోజంతా కొంచెం పొగరుగా తిరిగాను.

బాట పొడుగు పెంచాలంటే ఆటో అడ్డం వచ్చింది. రెండడుగులు వెనక్కి పోతే చాలు. నేనూ అమ్మాయీ వెనక నుంచి గుంజాం, కదలలేదు. ముందు చక్రం పక్కకు తిరిగి ఉంది, ఎవరో ఒకరు హ్యాండిల్ పట్టుకుని సక్కగా చేయాలి. నేను మా ఆయన వైపు చూడలేదు. చూస్తే పని చెడిపోతుందని తెలుసు. కాసేపటికి ఆయనే వచ్చి, టార్పాలిన్ అంచు కొంచెం ఎత్తి, సీటు మీద కూర్చోకుండా బయటే నిలబడి ఒక్క చేత్తో హ్యాండిల్ తిప్పాడు. "గుంజుండ్రి" అన్నాడు. గుంజాం. ఆటో జరిగింది. వెంటనే టార్పాలిన్ దించి, చేయి లుంగీకి తుడుచుకున్నాడు.

ఆటో జరిగిన జాగాలో ఆయన ఒక్కడే ఒక మలుపు కట్టాడు. అర మూర ఎత్తు కట్ట పోసి, దాని మీది నుంచి బాట దిగుతూ ఎడమకు తిరిగేటట్టు. అన్ని మలుపులకూ బయటి వైపు ఎత్తు పెట్టినవాడు, దీనికి మాత్రం బయటి వైపు పల్లం పెట్టాడు. పొరపాటు అనుకుని అడిగాను.

"ఏమయ్య, ఇక్కడ బయటి దిక్కు పల్లంగ ఎందుకు?"

"అక్కడ గట్లనే ఉన్నది," అన్నాడు.

అప్పుడు చూశాను. కట్ట, దిగుడు, దిగగానే మలుపు, మలుపు దగ్గర ఒక బండరాయి కూడా. నా చేతిలో నీళ్ల చెంబు అట్లాగే ఉండిపోయింది.

ఆ రోజే ఆయన మొదటిసారి రిమోట్ చేతికి తీసుకున్నాడు. కారును కట్ట మీదికి ఎక్కించి, మెల్లగా దించాడు. అది మలుపు తిరిగి పోయింది. ఇంకొంచెం జోరుగా. పోయింది. ఇంకా జోరుగా దించితే చక్రాలు ఎత్తి ఆడించింది కాని పడలేదు. ఆయన నుదురు ముడేసి కూర్చున్నాడు. తరువాత అమ్మాయిని పిలిచాడు.

"నువ్వు ఆడే ఐదు రాళ్లు తే బిడ్డా. ఇంకొన్ని కూడ ఏరుకరా. పదమూడు గావాలె."

అమ్మాయి గుండ్రటి రాళ్లు తెచ్చింది. కారు పైకప్పు మీద గుడ్డ పరిచి, రాళ్లను ఒక్కొక్కటే పెట్టి, రబ్బరు బ్యాండ్లతో బిగించారు ఇద్దరూ. మధ్యలో ఆరు, వెనక మూడు, ముందు అటు ఇటు ఇద్దరిద్దరు. అది ఆ రోజు లెక్క. కారు కట్ట ఎక్కడమే కష్టంగా ఎక్కింది. మెల్లగా, నేను నడిచినంత మెల్లగా దిగింది. మలుపు దగ్గర పల్లం వైపుకు ఒరిగి, ఆగి ఆలోచిస్తున్నట్టుగా ఒక క్షణం నిలబడి, పక్కకు పడిపోయింది.

మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. నాలుగుసార్లు.

"నేను జోరుగ దింపిన అనుకుంటున్న ఇన్ని రోజులు," అన్నాడు. "జోరు గాదు. ఎక్కించుకున్నదే తప్పు."

ఊరట కలిగిందో, ఇంకా బాధ పెరిగిందో ఆ ముఖంలో నాకు అర్థం కాలేదు. తెల్లారి కూడా అదే పని. ఒక రాయి తీసి చూడటం, ఇంకో రాయి జరిపి చూడటం. కాని మంచం మాత్రం ఇప్పుడు ఆటో వైపు తిరిగి ఉంది.

మూడోరోజు పొద్దు వాలుతుండగా మా దర్వాజ దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. చూస్తే ఆ అవ్వ. పడిన తరువాత ఆమె మా ఇంటికి రావడం అదే మొదలు. బజారులో పనుండి వచ్చి, మా ఇల్లు అడుక్కుంటూ వచ్చిందట. విరిగిన చేయి అతికింది కాని మణికట్టు కొంచెం వంకరగా ఉంది. నీళ్లిచ్చాను. ఎడమచేత్తో అందుకుని తాగుతూ పెరట్లోకి తొంగి చూసింది. మా ఆయన రిమోట్ పట్టుకుని గొంతుకూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. రిమోట్ ఎక్కడ పెట్టాలో తెలియక వీపు వెనక దాచాడు.

"ఏమ్రా కొడుకా, పెద్ద ఆటోను పండవెట్టి చిన్న దాన్ని తోలుతున్నవా?" అంది అవ్వ.

ఆయన పక్కకు జరిగాడు. ఆమె దగ్గరికి వచ్చి, వంగి, బాటనంతా చూసింది. కట్ట దగ్గరికి రాగానే ఆగింది.

"గిది మన చెరువుకట్ట గాదూ?"

"అవునవ్వ."

"గీ రాళ్లేంది?"

"మనుషులు. ఆ రోజు ఎక్కినోళ్లు."

"మరి గీ రాళ్లల్ల నేనేడున్న?"

మా ఆయన కూర్చున్నాడు. ముందు వైపు, పల్లం దిక్కు అంచున ఉన్న రాయిని వేలితో ముట్టుకున్నాడు.

"గిది నువ్వు. జాగ లేకున్నా నేనే కూసోవెట్టిన నిన్ను. ఏం గాదు ఎక్కవ్వ అన్న." ఆరు నెలల్లో ఆ మాట నాతో కూడా చెప్పలేదు.

అవ్వ ఆ రాయిని ఎడమచేత్తో ముట్టి చూసింది. తరువాత, "నేను గంత చిన్నగున్ననా?" అంది. మా అమ్మాయి కిసుక్కున నవ్వింది.

"ఇగో ఇను," అంది అవ్వ, బండ మీద కూలబడి. "నువ్వు ఎక్కమంటే నేనెక్కిన్నా? సంత అయినంక పొద్దుగూకకముందే ఇల్లు చేరాలని నేనే గదరా నీ రెక్క పట్టుకున్నది. జర సర్దుకుంట, జర సర్దుకుంట అని. తప్పు నీదొక్కనిదేనా? నాకేం పాలు లేదా?"

"గట్ల గాదవ్వ..."

"ఎట్లనో నువ్వు జెప్పకు. ఆరు నెలల సంది బస్సు కోసం ఎండల నిలవడుతున్న. వేరే ఆటోలొస్తయి, గవి నిన్ను మించినయి, మనుషుల్ని గడ్డి కుక్కినట్టు కుక్కుతరు. రేపు పొద్దుగాల దవాఖానకు రమ్మన్నరు, చెయ్యి సూస్తరంట. నన్నెవడు తోలుకొస్తడు? గీ ఎర్ర బొమ్మనా?"

 జవాబు కోసం ఆమె ఆగలేదు. చెంబు నాకిచ్చి, "మన్ను మంచిగ కుదిరింది బిడ్డా, చౌడు కలిపినవా?" అని అడిగి, కలిపానంటే తలాడించి, ఆఖరి బస్సుకు పోతానని వెళ్లిపోయింది.

ఆమె పోయాక ఆయన కారు దగ్గర కూర్చున్నాడు. రబ్బరు బ్యాండ్లు తీసి, రాళ్లను ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెట్టాడు. ఆరు మిగిలాయి. ఆరింటినీ మధ్యలో, మలుపుకు లోపలి వైపు జరిపి బిగించాడు. కారు కట్ట ఎక్కింది, దిగింది, పల్లం దగ్గర కొంచెం ఊగింది, మలుపు తిరిగి మునగచెట్టు దాకా పోయింది. ఇంకోసారి తిప్పబోతే చార్జింగ్ అయిపోయింది. దాన్ని ఎత్తుకుని లోపలికి పోయాడు. అన్నం తినేటప్పుడు అవ్వ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే నేను అందరికంటే ముందు లేచాను. వాకిలి ఊడ్చి, పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టి, పెరట్లోకి పోయి తాడు మీది బట్టలు తీసేశాను. ముడులు ఎండకూ వానకూ బిగుసుకుపోయి ఉన్నాయి, పండ్లతో కొరికి విప్పాల్సి వచ్చింది. టార్పాలిన్ గుంజేస్తే, డ్రైవరు సీటు మీద మా కోడి పెట్టిన గుడ్లు నాలుగు ఉన్నాయి. ఎక్కడ పెడుతోందా అని నెల రోజులుగా వెతుకుతున్నాను. వాటిని కొంగులో వేసుకుని, తడిగుడ్డతో సీటు తుడిచాను, అద్దం తుడిచాను, హ్యాండిల్ తుడిచాను. చాయ్ తెచ్చి ముందు సీటు పక్కన పెట్టాను. తరువాత వెనక సీటు మధ్యలో ఎక్కి కూర్చుని గట్టిగా పిలిచాను.

"ఏమయ్య, అవ్వ ఎండల నిలవడుతది. ఆలస్యమైతున్నది."

తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. నన్ను చూశాడు, చాయ్ గ్లాసు చూశాడు. నిలబడే చాయ్ తాగాడు. చాలా నిదానంగా తాగాడు. గ్లాసు బండ మీద పెట్టి, ఎక్కి, కింద చేయి పెట్టి లివరు గుంజాడు. ఎన్నిసార్లు గుంజాడో, నేను లెక్కపెట్టడం మానేశాక ఇంజను దగ్గి, పొగ వదిలి, పట్టుకుంది. మా అమ్మాయి నిద్రకళ్లతో పరిగెత్తుకొచ్చి దర్వాజ తీసింది.

ఊరు దాటాం. చెరువుకట్ట మీదికి ఎక్కాం. ఎడమ వైపు నీళ్లు మెరుస్తున్నాయి. దిగుడు వచ్చింది, ఆయన జోరు తగ్గించాడు. ముందర బండరాయి కనబడింది. కళ్లు మూసుకుందామనుకున్నాను. మూసుకోలేదు. మలుపు రాకముందే కడ్డీ పట్టుకుని, సీటు మీద మూరెడు జరిగి, లోపలి పక్కకు కూర్చున్నాను.